కింది దవడ బ్రిడ్జికి బైట్ రికార్డు: మైనమా, సిలికోనా, అసలు అవసరమా?

కూకట్‌పల్లి క్లినిక్
మే 9, రాత్రి 10:20

సభ్యులకు నమస్కారం. నేను జనరల్ ప్రాక్టీసులో ఉన్న బీడీఎస్ డాక్టరును. మూడు నెలలుగా నా క్లినిక్‌లో ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ జరుగుతోంది: బ్రిడ్జిలు, క్రౌన్లు (పంటి తొడుగులు) ఎత్తుగా వస్తున్నాయి. దాని మూలం ఎక్కడుందో తేల్చుకోలేక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఒక కేసు ఇది. రోగికి కింది కుడివైపు 46 నంబరు పన్ను (మొదటి పెద్ద దవడ పన్ను) లేదు. దానికి రెండు పక్కలా ఉన్న 45, 47 పళ్ళను అరగదీసి, వాటి మీద ఆనే మూడు యూనిట్ల జిర్కోనియా బ్రిడ్జి చేయించాను. 48 (జ్ఞానదంతం) ఎప్పుడో తీసేశారు కాబట్టి ఆ వైపు 47 తరువాత పన్నే లేదు. రెండు దవడలకూ అచ్చులు తీసుకున్నాక మోడలింగ్ వ్యాక్స్ షీటును మంట మీద మెత్తబరచి, రెండు మడతలు వేసి, దవడ ఆకారంలో వంచి నోట్లో పెట్టి కరవమన్నాను; పై, కింది పళ్ళు ఎలా కలుస్తాయో ల్యాబ్‌కు చూపే ఈ అచ్చే బైట్ రికార్డు. గట్టిపడ్డాక తీసి, చల్లటి నీళ్ళలో ముంచి, దూదిలో చుట్టి డబ్బాలో పెట్టాను. మధ్యాహ్నం ఒంటిగంటకు ల్యాబ్ అబ్బాయి వచ్చి బండి మీద తీసుకెళ్ళాడు.

బ్రిడ్జి వచ్చిన రోజు పళ్ళ మీద చక్కగా కూర్చుంది, అంచులు బాగున్నాయి. కాని నోరు మూయమంటే ఆ ఒక్క వైపే తగిలింది. ఎడమవైపు పళ్ళ మధ్య ఆర్టిక్యులేటింగ్ పేపర్ (పళ్ళు తగిలిన చోట రంగు అంటించే కాగితం) ఏ అడ్డూ లేకుండా జారిపోయింది. 25 నిమిషాలు అరగదీశాను. గ్లేజ్ (పైనున్న నున్నటి పూత) మొత్తం పోయింది, పాంటిక్ (లేని పంటి చోట నిలిచే భాగం) మీది గాడులు చదునైపోయాయి. రోగి చాలా ఓర్పు గల మనిషి, "ఇప్పుడు పరవాలేదు డాక్టర్ గారూ" అన్నారు. అది మొహమాటానికి అన్న మాటేనని నాకు తెలుస్తూనే ఉంది.

మైనం మీద అనుమానంతో ఆ తరువాతి కేసుకు, అంటే ఒక్క క్రౌన్ కేసుకు, సిలికోన్‌కు మారాను. కార్ట్రిడ్జ్ గన్‌తో కింది దవడ పళ్ళన్నిటి మీదా ఒక చివరి నుంచి మరో చివరి దాకా వేసి కరిపించాను. ఆ క్రౌన్ కూడా ఎత్తుగానే వచ్చింది. ఇంతకూ బైట్‌కు ఏ పదార్థం నమ్మదగినదో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

మైనం మనిషి
మే 9, రాత్రి 11:45

డాక్టర్ గారూ, నేను నారాయణగూడలో 22 ఏళ్ళుగా ల్యాబ్ పని చేస్తున్న టెక్నీషియన్‌ను. మీ కేసు మా దగ్గరికి వచ్చింది కాదు కాని, మా బల్ల మీదికి ఇలాంటివి వారానికి నాలుగైదు వస్తాయి. మా వైపు నుంచి ఏం కనిపిస్తుందో చెబుతాను.

ముందు మైనం సంగతి. దంతవైద్యంలో మనం వాడే పదార్థాలన్నిటిలోకీ వేడికి ఎక్కువగా వ్యాకోచించేది, చల్లబడినప్పుడు ఎక్కువగా సంకోచించేది మైనమే. దానికి తోడు, మంట మీద పైపైన మెత్తబడి లోపల గట్టిగానే ఉన్న మైనాన్ని మడిచి వంచితే ఆ వంపు తాలూకు బిగువు లోపలే ఉండిపోతుంది. ఆ తరువాత కాస్త వెచ్చదనం తగిలితే చాలు, అది మెల్లగా తన పాత ఆకారం వైపు తిరుగుతుంది. మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకు ఎండలో నిలిపిన బండి డిక్కీలో డబ్బా ఉంటే ఏమవుతుందో మీరే ఊహించండి. అది కరిగిపోదు, కరిగితే మేలే, మాకు తెలిసిపోతుంది. పళ్ళ గుర్తులు ఎంతో స్పష్టంగా అలాగే ఉండి, మొత్తం రేకు మాత్రం ఒక మూల అర మిల్లీమీటరు పైకి లేస్తుంది. గుర్తులు స్పష్టంగా ఉన్నాయి కదా అని ఎవరూ అనుమానించరు.

ఇక సిలికోన్. మీరు పంపే సిలికోన్ బైట్‌లో పంటి గాడుల లోతు కూడా అద్దంలా వస్తుంది. ఆల్జినేట్ అనే మెత్తటి పదార్థంతో తీసిన అచ్చులోంచి వచ్చిన మోడల్‌లో అంత వివరం ఉండదు, పైగా గాడుల్లో చిన్న చిన్న రాతి బుడిపెలు ఉంటాయి. ఎక్కువ వివరం ఉన్నదాన్ని తక్కువ వివరం ఉన్నదాని మీద కూర్చోబెడితే కూర్చోదు. మోడల్ మీద ఆ రికార్డు పెట్టి ట్యూబులైటు వైపు ఎత్తి పక్కనుంచి చూస్తే రెండిటి మధ్య వెంట్రుక మందాన వెలుగు గీత కనిపిస్తుంది. వేలితో నొక్కితే గీత మాయమవుతుంది. వేలు తీస్తే మళ్ళీ వస్తుంది. చాలా ల్యాబుల్లో, ఒకప్పుడు మా దగ్గర కూడా, నొక్కిపట్టి ప్లాస్టర్ వేసేవాళ్ళం. మెత్తటి సిలికోన్ అయితే ఒకవైపు అణుగుతుంది, మరోవైపు లేస్తుంది. ఆ స్థితిలోనే ప్లాస్టర్ గట్టిపడుతుంది. నోట్లో లేని ఖాళీ మోడల్ మీద ఏర్పడుతుంది, ఆ ఖాళీని నింపేలా మేము క్రౌన్ చేస్తాము. అది ఎత్తుగా రాక మరేమవుతుంది?

ప్రోస్థో మేడమ్
మే 10, ఉదయం 7:30

పై సభ్యులు చెప్పినది అక్షరాలా నిజం. అయితే పదార్థం ఎంపికకు ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ రోగికి బైట్ రికార్డు అసలు అవసరమా?

పళ్ళన్నీ ఉండి, ఒకటో రెండో క్రౌన్లు చేస్తున్నప్పుడు, రెండు మోడళ్ళను చేత్తో కలిపితే కదలకుండా ఒకే చోట కూర్చుంటే, మధ్యలో ఏ పదార్థమూ పెట్టకూడదు. పళ్ళకూ పళ్ళకూ ఉన్న సహజమైన పొందిక కన్నా ఖచ్చితమైన రికార్డు లేదు. దాని మధ్యలోకి ఏది వచ్చినా, ఎంత పలుచగా వచ్చినా, మోడళ్ళను విడదీయడమే దాని పని అవుతుంది. మీ రెండో కేసులో, అంటే ఒక్క క్రౌన్ కేసులో, సిలికోన్‌ను దవడంతా పరచడం వల్లే ఎత్తు వచ్చిందని నా గట్టి అభిప్రాయం. ఏమీ పంపకుండా ఉంటే బాగుండేది.

మొదటి కేసు వేరు. 45, 47 రెండూ అరగదీశాక కుడివైపు వెనకాల దవడను ఆపే పన్ను ఏదీ మిగల్లేదు. మోడళ్ళు చేత్తో కలిపితే ఎడమవైపు, ముందువైపు మాత్రమే ఆనుతాయి, కుడి వెనకవైపు ఎటైనా ఒరగవచ్చు. మూడు కాళ్ళ పీటకు ఒక కాలు తీసేసినట్టు అన్నమాట. ఆ లేని కాలు ఎక్కడుందో అక్కడే, అంతవరకే రికార్డు కావాలి. మీరు మైనాన్ని దవడంతా పరిచారు, అంటే ఉన్న రెండు కాళ్ళ కింద కూడా చెక్కముక్కలు పెట్టారు.

నేనైతే ఆ కేసును ఈ విధంగా చేస్తాను. మత్తు ఇవ్వకముందే షిమ్‌స్టాక్‌తో (పళ్ళ మధ్య పెట్టి లాగి చూసే పలుచటి రేకుతో) పై, కింది పళ్ళ ప్రతి జంటనూ పరీక్షించి, ఏది పట్టుకుంటోందో ల్యాబ్ చీటీ మీద రాస్తాను: 13-43 పట్టు, 24-34 పట్టు, 26-36 పట్టు. షిమ్‌స్టాక్ మందం 8 మైక్రాన్లే, మనిషి వెంట్రుకలో పదో వంతుకు దగ్గర. అందుకే అది పట్టుకుందంటే పళ్ళు నిజంగా కలిశాయని అర్థం. ఆర్టిక్యులేటింగ్ పేపర్లలో 200 మైక్రాన్లవి కూడా ఉన్నాయి. అంత మందపు కాగితం పళ్ళు కలవకపోయినా రంగు అంటిస్తుంది.

తరువాత 45ను మాత్రమే అరగదీస్తాను. 47 ఇంకా చెక్కుచెదరలేదు కాబట్టి దవడ ఎత్తు అలాగే ఉంటుంది. అప్పుడు 45 మీద వాజెలీన్ రాసి, ప్యాటర్న్ రెజిన్ (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) చిన్న ముద్ద పెట్టి మూయిస్తాను. అది గట్టిపడ్డాక పైభాగం పలుచగా గీసి, మళ్ళీ కొద్దిగా రెజిన్ వేసి రెండోసారి మూయిస్తాను. రెజిన్ గట్టిపడేటప్పుడు సంకోచిస్తుంది, రెండోసారి వేసే పొర పలుచన కాబట్టి ఆ సంకోచం లెక్కలోకి రానంత తగ్గుతుంది. ఇప్పుడు ఆ రెజిన్ దిమ్మెను 45 మీదే ఉంచి 47ను అరగదీస్తాను. చివరికి 47 మీద మాత్రం గట్టి సిలికోన్ వేసి మూయిస్తాను.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఆ తరువాత ఉంది. రికార్డు నోట్లో ఉండగానే ఎడమవైపు 24-34, 26-36 మధ్య షిమ్‌స్టాక్ మళ్ళీ పెట్టి లాగండి. ముందు పట్టుకున్న చోట ఇప్పుడు జారిపోతే, మీ రికార్డే దవడను తెరిచి పట్టుకుందని తెలుస్తుంది. దాన్ని అక్కడికక్కడే పారేసి మళ్ళీ తీయాలి. ఈ పరీక్షకు అర నిమిషం కూడా పట్టదు.

కూకట్‌పల్లి క్లినిక్
మే 10, మధ్యాహ్నం 2:05

మేడమ్, చాలా కృతజ్ఞతలు. షిమ్‌స్టాక్ నా దగ్గర లేనే లేదని ఒప్పుకోవాలి. ఈ సాయంత్రమే తెప్పిస్తాను.

ఒక సందేహం. కోఠిలో డీలరును అడిగితే సిలికోన్ బైట్ పదార్థాలు నాలుగైదు రకాలు చూపించి, అన్నీ ఒకటేనన్నారు. ధరల్లో మాత్రం రెట్టింపు తేడా ఉంది. గట్టిది తీసుకోవాలంటే దేన్ని బట్టి గుర్తించాలి?

ప్రోస్థో మేడమ్
మే 10, రాత్రి 9:15

అన్నీ ఒకటి కావు డాక్టర్ గారూ. పెట్టె మీద గాని, లోపలి కాగితంలో గాని షోర్ గట్టిదనం అని ఒక అంకె ఉంటుంది. షోర్ ఎ కొలతలో 90 దాటినవి బైట్‌కు పనికివస్తాయి. ఇంకా గట్టివాటికి షోర్ డి కొలతలో ఇస్తారు, కాబట్టి ఎ అంకెనూ డి అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చకండి. ఫ్యూటార్ డి లాంటివి ఆ రెండో కోవలోవి. అచ్చులకు వాడే లైట్ బాడీ గాని పుట్టీ గాని బైట్‌కు వాడటం మాత్రం పూర్తిగా మానేయాలి, అవి గట్టిపడ్డాక కూడా వంగుతూనే ఉంటాయి.

మంచి బైట్ పదార్థానికి ఉండవలసిన గుణాలు రెండు, అవి ఒకదానికొకటి ఎదురు నిలిచేవి. మెత్తగా ఉన్నప్పుడు రోగి దవడకు ఏమాత్రం అడ్డు చెప్పకూడదు. గట్టిపడ్డాక ఏమాత్రం వంగకూడదు. మైనం ఈ రెండిట్లోనూ వెనకబడుతుంది. సరిగ్గా మెత్తబడని మైనం తగిలితే రోగి తనకు తెలియకుండానే దవడను పక్కకు జరిపి కరుస్తాడు. సిలికోన్ మొదటి గుణంలో చాలా మంచిది, నురగలా ఉంటుంది, నోట్లో అర నిమిషం నుంచి ఒక నిమిషంలోపు గట్టిపడుతుంది, రోజుల తరబడి కొలత మారదు. రెండో గుణంలో మాత్రం ఎంత గట్టిదైనా కొంత స్ప్రింగ్ ఉంటుంది. పాలీఈథర్ రకం, ఉదాహరణకు రామిటెక్, మరింత బిగువుగా ఉంటుంది. కాని తేమను పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని తడి దూదిలో చుట్టి పంపకూడదు, పొడిగా ఉంచాలి.

ఒక హెచ్చరిక కూడా. మీరు గాని మీ అసిస్టెంటు గాని లేటెక్స్ గ్లవ్స్ వేసుకుని అరగదీసిన పంటిని తడిమి ఉంటే, గ్లవ్స్‌లోని గంధకపు సమ్మేళనాల వల్ల అక్కడ సిలికోన్ సరిగ్గా గట్టిపడదు. జిగురుజిగురుగా ఉన్న ఆ పొరను చూసి పదార్థం నకిలీదని అనుకునేవాళ్ళున్నారు. నైట్రైల్ లేదా వినైల్ గ్లవ్స్ వాడండి.

సికింద్రాబాద్ పాత క్లినిక్
మే 11, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. మైనాన్ని మీరందరూ ఇలా బోనులో నిలబెట్టడం నాకు బాధ కలిగించింది, అందుకే రాస్తున్నాను. 34 ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. అందులో సగానికి పైగా కేసులకు మైనమే వాడాను. నా బ్రిడ్జిలు ఎత్తుగా వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

తేడా ఎక్కడంటే, నేను మైనాన్ని ల్యాబ్‌కు పంపను. నా దగ్గరే ఆర్టిక్యులేటర్ (రెండు మోడళ్ళను ప్లాస్టర్‌తో బిగించి, అంటే మౌంట్ చేసి, దవడలా ఆడించే పరికరం) ఉంది. అచ్చులు వెంటనే పోసి, మోడళ్ళు సిద్ధమయ్యాక రోగిని మళ్ళీ పిలిచి, బైట్ తీసిన అరగంటలోపు నేనే మౌంట్ చేస్తాను. మైనాన్ని మంట మీద కాక వేడి నీళ్ళలో సమంగా మెత్తబరుస్తాను. పళ్ళ మొనలు తగిలిన చోట్ల మైనం చిరిగి, పన్ను పంటిని తాకిందో లేదో వెలుతురుకు ఎత్తి చూస్తాను. తరువాత ఆ రేకును పళ్ళ బయటి అంచు దాకా కోసేసి, గుర్తుల్లో జింక్ ఆక్సైడ్ యూజెనాల్ పేస్టు పలుచగా రాసి మళ్ళీ కరిపిస్తాను. మైనం అక్కడ మోసే పళ్ళెం మాత్రమే, అసలు రికార్డు పేస్టుది. అల్యూమినియం పొడి కలిసిన అలూవ్యాక్స్ అయితే వేడిని సమంగా పట్టుకుంటుంది, మామూలు మోడలింగ్ వ్యాక్స్ కన్నా మేలు.

ఇక అసలు సంగతి. పదార్థం ఏదైనా, రోగి తప్పుగా కరిస్తే ఆ తప్పునే అది ఖచ్చితంగా రాసిపెడుతుంది. మన రోగులతో "పళ్ళు కలపండి" అంటే ఫొటోకు నవ్వినట్టు ముందు పళ్ళ అంచులు కలిపి చూపిస్తారు. "గట్టిగా కరవండి" అంటే కంగారుపడి దవడను ముందుకు తోస్తారు. నేను "నాలుక కొనను వెనక్కి మడిచి, గుటక వేస్తూ వెనక పళ్ళ మీద మూయండి" అంటాను. పదార్థం పెట్టకముందే నాలుగైదు సార్లు అలా చేయిస్తాను, ప్రతిసారీ ఒకే చోటికి వస్తున్నారా అని పెదవి పక్కకు జరిపి కోరపళ్ళను చూస్తాను. ఉర్దూ మాట్లాడే రోగులకు ఇదే ఉర్దూలో చెప్పడం నేర్చుకున్నాను. రోగిని పూర్తిగా పడుకోబెట్టి తీసిన బైట్ కూడా నాకు నచ్చదు. పూర్తి పళ్ళున్న వాళ్ళకు కొంచెం కూర్చోబెట్టి తీస్తే వాళ్ళు రోజూ మూసుకునే చోటికే వస్తారు.

మైనం మనిషి
మే 11, ఉదయం 10:10

పెద్ద డాక్టర్ గారి మాట కాదనను. నా పేరులోనే మైనం ఉంది. అరగంటలో మౌంట్ అయ్యే మైనానికీ, మర్నాడు మా బల్ల మీదికి వచ్చే మైనానికీ పేరొకటే, గుణం వేరు. మాకు పంపేవాళ్ళు మాత్రం వేసవిలో మైనం పంపవద్దనే నా మనవి.

పీజీ రెండో ఏడు
మే 11, రాత్రి 11:30

సర్, మేడమ్, నాదొక చిన్న ప్రశ్న. మాకు పూర్తి కట్టుడు పళ్ళ కేసుల్లో జింక్ ఆక్సైడ్ యూజెనాల్, ఇంప్రెషన్ ప్లాస్టర్ గురించి పదేపదే చెబుతారు. సిలికోన్ ఇంత సులువుగా ఉండగా ఆ పాత పదార్థాలను ఇంకా ఎందుకు పట్టుకుని ఉండాలి? గత వారం నేను సిలికోన్‌తోనే తీశాను, బాగానే కుదిరిందనిపించింది.

ప్రోస్థో మేడమ్
మే 12, ఉదయం 7:10

మంచి ప్రశ్న అమ్మా. ప్లాస్టర్, జింక్ ఆక్సైడ్ పేస్టు రెండూ గట్టిపడ్డాక పెళుసుగా ఉంటాయి. సరిగ్గా కూర్చోని మోడల్‌ను వాటి మీద నొక్కితే విరిగిపోతాయి గాని వంగవు. విరిగితే తప్పు బయటపడుతుంది. సిలికోన్ ఆ తప్పును తనలో దాచుకుంటుంది. పాత గురువులు వాటిని వదలకపోవడానికి కారణం ఇదే. నేను అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత కళాశాలలో చదివిన రోజుల్లో, రికార్డు విరిగిన విద్యార్థిని మా సారు తిట్టేవారు కాదు. విరగని రికార్డునే రెండోసారి పరీక్షించేవారు.

పూర్తి కట్టుడు పళ్ళ కేసులో మరో చిక్కుంది. అక్కడ రికార్డు ఆనేది పంటి మీద కాదు, చిగురు మీద నిలిచిన బేస్ (తాత్కాలిక పలక) మీద. చిగురు అణుగుతుంది. దీన్ని గురించే ఇంజనీరు హానౌ రీలెఫ్ అనే మాట పుట్టించాడు. గట్టిపడని పదార్థం కొంచెం ఎదురు నిలిచినా బేస్ ఒకవైపు అణిగి మరోవైపు లేస్తుంది, మనకు కనపడదు. అందుకే ముందుగా బేస్‌లు స్థిరంగా ఉండేలా చేసుకో. పై రిమ్‌లో (బేస్ మీది మైనపు గట్టులో) వెనకవైపు రెండు పక్కలా గాడులు కోసి, వాటికి ఎదురుగా కింది రిమ్ మీద మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర మైనం తీసేసి, ఆ ఖాళీలోనే పేస్టు గాని అలూవ్యాక్స్ గాని వెయ్యి. ముందుభాగంలో రిమ్‌లు తాకకూడదు. రోగిని ఒత్తిడి లేకుండా, మెల్లగా మూయమను. నువ్వు సిలికోన్ వాడినా తప్పు లేదు, కాని ఇదే జాగ్రత్త తీసుకుంటేనే.

జింక్ ఆక్సైడ్ పేస్టుకు వేడి, తేమ పెరిగితే గట్టిపడే సమయం తగ్గుతుంది. జులైలో వానల రోజున మార్చిలో దొరికినంత సమయం దొరకదు. పలకను చల్లబరచుకో. రోగి పెదవులకు వాజెలీన్ రాయి, లేకపోతే అంటుకుని మంట పుడుతుంది.

ప్రొట్రూసివ్ రికార్డు (దవడను ముందుకు జరిపించి తీసే రికార్డు) గురించి కూడా ఒక మాట. దవడ ముందుకు వచ్చినప్పుడు వెనక రిమ్‌ల మధ్య విడిపోయే సందును 1905లో క్రిస్టెన్సెన్ అనే దంతవైద్యుడు వర్ణించాడు. ఆ సందును నింపిన రికార్డే ఆర్టిక్యులేటర్‌లో కాండైలార్ కోణాన్ని (దవడ కీలు జారే వాలును) అమర్చడానికి ఆధారం. ఇక్కడ రికార్డు మందంగా ఉండాలి, రెండు వైపులా మోడళ్ళ ఒత్తిడిని తట్టుకోవాలి. మెత్తటి సిలికోన్ ఇక్కడ అసలు పనికిరాదు.

స్కానర్ గచ్చిబౌలి
మే 12, రాత్రి 8:40

అందరి అనుభవాలూ చదివాను. మా క్లినిక్‌లో మూడేళ్ళుగా ఇంట్రా ఓరల్ స్కానర్ వాడుతున్నాము. నోట్లో ఏ పదార్థమూ పెట్టకుండా, పళ్ళు మూసి ఉన్నప్పుడు బుగ్గవైపు నుంచి స్కాన్ చేస్తే సాఫ్ట్‌వేర్ రెండు దవడలనూ కలిపేస్తుంది. మైనం వంగడం, సిలికోన్ స్ప్రింగ్, డిక్కీ వేడి, ఇవేవీ ఉండవు. ఒకటి రెండు క్రౌన్లకు మాకు సర్దుబాటు చాలా తగ్గింది.

అయితే నిజం నిజంగా చెప్పాలి కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. మొత్తం దవడ స్కాన్ చేసిన పెద్ద కేసుల్లో, ఒకవైపు వెనక పళ్ళు తెర మీద ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయినట్టూ, మరోవైపు విడిపోయినట్టూ కనిపించిన సందర్భాలున్నాయి.

ప్రోస్థో మేడమ్
మే 12, రాత్రి 10:05

అలా రావడానికి కారణాలున్నాయి డాక్టర్ గారూ. దవడలను విడివిడిగా స్కాన్ చేసినప్పుడు పళ్ళ మీద బరువు లేదు. బైట్ స్కాన్ చేసేటప్పుడు రోగి నొక్కి మూస్తే పళ్ళు తమ గూళ్ళలోకి కొంత దిగుతాయి. సహజమైన పన్ను 25 నుంచి 100 మైక్రాన్ల దాకా అణుగుతుంది, ఇంప్లాంట్ (ఎముకలో నాటే కృత్రిమ పంటి వేరు) 3 నుంచి 5 మైక్రాన్లకు మించదు. ఈ తేడా వల్లనే ఇంప్లాంట్ క్రౌన్ ఉన్న కేసులో బైట్ విషయంలో మరింత జాగ్రత్త పడాలి. పైగా స్కానర్ కొన బుగ్గలోకి వెళ్ళినప్పుడు రోగి దవడను ఆ వైపుకు జరపవచ్చు, రెండోవైపు స్కాన్ చేసేలోపు పట్టు సడలించవచ్చు. ఒక చివరి నుంచి మరో చివరి దాకా చిత్రాలను అతికించుకుంటూ వెళ్ళడంలో పోగుపడే దోషం వేరే.

కాబట్టి తెర మీద రంగుల్లో కనిపించే స్పర్శలను మీ షిమ్‌స్టాక్ చీటీతో పోల్చండి. చీటీలో 26-36 పట్టు అని ఉండి తెర మీద అక్కడ ఖాళీ కనిపిస్తే ఆ బైట్ తప్పు, మళ్ళీ స్కాన్ చేయాలి. రోగి కుర్చీలో ఉండగానే ఈ పోలిక జరగాలి.

మైనం మనిషి
మే 13, ఉదయం 9:25

డాక్టర్లకు నా వైపు నుంచి మూడు విన్నపాలు. సిలికోన్ రికార్డును పంపేముందు పదునైన బ్లేడుతో కోయండి. పంటి మొనల గుర్తులు మాత్రం మిగిలితే చాలు, గాడుల్లోకి దిగిన ముళ్ళు, పళ్ళ సందుల్లోకి వెళ్ళిన రెక్కలు, చిగురును తాకిన భాగం అన్నీ పోవాలి. బుగ్గవైపు గోడను కూడా కోసేస్తే మొన గుర్తులో కూర్చుందో లేదో మేము కంటితో చూడగలం. మేమే కోయవచ్చు గాని, ఏది రోగి పన్నో ఏది లాలాజలపు బుడగో మీకు తెలిసినంత మాకు తెలియదు.

ఎదురు దవడ మోడల్ మీద శ్రద్ధ పెట్టండి. బైట్ తప్పని మీరు అనుకునే కేసుల్లో చాలావాటికి మూలం ఆల్జినేట్ అచ్చు గంటసేపు గాలికి ఉండి కుంచించుకుపోవడమే. పావుగంటలోపు పోయండి.

మౌంట్ చేసే ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వ్యాకోచించి మోడల్‌ను పైకి తోస్తుంది. దీని బాధ్యత మాది. మేము తక్కువ వ్యాకోచించే ప్లాస్టర్‌ను వాడి, గట్టిపడ్డాక ఆర్టిక్యులేటర్ ముందువైపు పిన్ను దాని కింది పలకను తాకుతోందో లేదో చూస్తాము. మోలార్ దగ్గర జరిగిన చిన్న తప్పు పిన్ను దగ్గర రెండు మూడు రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి అక్కడ పట్టుకోవడం తేలిక. మీ ల్యాబ్ ఇది చూస్తుందో లేదో తప్పకుండా అడగండి.

కూకట్‌పల్లి డాక్టర్ గారూ, ఆ బ్రిడ్జి మోడళ్ళు మీ దగ్గర ఉంటే ఒకసారి నారాయణగూడకు తీసుకురండి, చూద్దాం.

కూకట్‌పల్లి క్లినిక్
జూన్ 2, రాత్రి 9:50

ఆలస్యానికి క్షమించండి. ఏం జరిగిందో పూర్తిగా రాయడం నా బాధ్యత.

మే 15న మా ల్యాబ్ నుంచి ఆ మోడళ్ళను ఆర్టిక్యులేటర్ మీద ఉన్నవి ఉన్నట్టే తెప్పించి, మైనం మనిషి గారి బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను. డబ్బాలో పాత మైనం బైట్ కూడా ఉంది. ఆయన దాన్ని పక్కన పెట్టేసి, "రోజులు గడిచిన మైనం దేనికీ సాక్ష్యం కాదు డాక్టర్ గారూ, ప్లాస్టర్‌ను అడుగుదాం" అన్నారు. బ్రిడ్జి లేకుండా ఆర్టిక్యులేటర్‌ను మూశారు. పిన్ను పలకను తాకింది. ఎడమవైపు 26-36 మధ్య ఒక విజిటింగ్ కార్డు పెట్టి లాగితే సులువుగా బయటికి వచ్చింది. తరువాత మోడళ్ళను ప్లాస్టర్ నుంచి విడదీసి, చేత్తో ఎడమవైపు కలిపి పట్టుకుని, అదే చోట షిమ్‌స్టాక్ పెట్టారు. అది కదలలేదు. అంటే నోట్లో ఉన్న పొందిక మోడళ్ళలో ఉంది, ఆర్టిక్యులేటర్ మీద లేదు. మధ్యలో వచ్చిన ఖాళీ మొత్తం నా మైనానిది. నేను 25 నిమిషాలు అరగదీసింది ఆ ఖాళీనేనని అప్పుడు అర్థమైంది.

గ్లేజ్ పోయిన జిర్కోనియా గరుకుగా ఉంటే ఎదుటి పన్ను ఎనామెల్‌ను అరగదీస్తుంది కాబట్టి, రోగిని పిలిచి జరిగినది చెప్పి, నా ఖర్చుతోనే బ్రిడ్జి మళ్ళీ చేస్తానన్నాను. ఆయన ఒప్పుకున్నారు. పాత బ్రిడ్జిని కోసి తీశాక 45, 47 ముందే అరగదీసి ఉన్నాయి కాబట్టి మేడమ్ చెప్పినట్టు ఒకటొకటిగా చేయడానికి వీలులేకపోయింది. గుటక వేయించి ఎడమవైపు షిమ్‌స్టాక్ పట్టుకునేలా మూయించి, అలాగే ఉంచమని, 45 మీద ప్యాటర్న్ రెజిన్‌తో రెండు విడతలుగా దిమ్మె చేశాను. అది గట్టిపడ్డాక 47 మీద గట్టి సిలికోన్ వేశాను. మొదటిసారి తీసిన రికార్డుతో 26-36 దగ్గర షిమ్‌స్టాక్ జారింది. పారేశాను. రెండోది పట్టుకుంది. కోసిన తరువాత ఆ సిలికోన్ ముక్క శనగగింజ కన్నా కొంచెం పెద్దది, అంతే.

నిన్న బ్రిడ్జి పెట్టాను. మూడు జంటలూ పట్టుకున్నాయి. 47 వెనక మొన మీద ఒక్క చుక్క ఎక్కువగా పడితే దాన్ని తీసి పాలిష్ చేశాను. రోగి కాసేపు నములుతున్నట్టు దవడ ఆడించి చూసి, పెట్టినట్టే లేదన్నారు.

మైనం మనిషి
జూన్ 3, ఉదయం 8:15

సంతోషం డాక్టర్ గారూ. ఆ పాత మోడళ్ళు నా అలమారలోనే ఉంచాను, ఇంకా పారేయలేదు. ఈ నెలలో మా దగ్గర కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్ళకు ఆ విజిటింగ్ కార్డు, షిమ్‌స్టాక్ పరీక్ష చేసి చూపిస్తున్నాను. పీజీ అమ్మాయి గారు కూడా వీలున్న రోజు రావచ్చు, ఉదయం 11 లోపు అయితే బల్ల ఖాళీగా ఉంటుంది.